కోచింగా, థెరపీయా? మా మెట్లెక్కేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ సూర్యారావుపేటలో మొదటి అంతస్తులో మా గది. కింద మందుల షాపు, పక్కన రక్తపరీక్షల ల్యాబు. బోర్డు మీద "సైకోథెరపీ, కోచింగ్" అని రాయమంటే పెయింటర్ నిచ్చెన మీద నుంచే అడిగాడు: "రెండూ ఒకటేగా మేడమ్? ఒకటి తీసేస్తే అక్షరాలు పెద్దవి వస్తాయి." అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఆ రెండు మాటల మధ్య ఉన్న కామా గురించి ఇన్నేళ్లుగా జనం అడుగుతున్నవీ, నేను చెబుతున్నవీ ఇక్కడ పెడుతున్నాను. ఇందులో కనిపించే మనుషుల వివరాలు ఎవరూ పోల్చుకోలేనంతగా మార్చాను.

కోచింగ్ అంటే నీట్‌కా, జేఈఈకా? హాస్టల్ ఉందా?

రెంటికీ కాదు. హాస్టల్ కూడా లేదు. వారానికి ఒక్కసారైనా ఈ ఫోన్ వస్తుంది. తప్పు అడిగేవాళ్లది కాదు. బెంజి సర్కిల్ నుంచి పోరంకి దాకా, ఇటు ఎనికేపాడు, నిడమానూరు దాకా ఆ మాటకు ఒకటే అర్థం.

నిజానికి చరిత్ర తిరగేస్తే మన ఊరి అర్థమే పాతది. హంగరీలో కోచ్ అని ఒక పల్లె. అక్కడ చేసిన గుర్రబ్బండికి ఆ ఊరి పేరే స్థిరపడింది. 1830ల్లో ఆక్స్‌ఫర్డ్ కుర్రాళ్లు తమను పరీక్ష గట్టెక్కించే ప్రైవేటు మాస్టారిని వేళాకోళంగా కోచ్ అనడం మొదలుపెట్టారు. బండెక్కించుకుని అవతలి ఒడ్డున దించేవాడని. ఆటల్లో కోచ్ ఆ తర్వాత, 1860ల్లో వచ్చాడు. ఉద్యోగికీ వ్యాపారికీ కోచ్ అనేది మరీ నిన్న మొన్నటి సంగతి. టిమొతీ గాల్వే అనే అమెరికా టెన్నిస్ కోచ్ 1974లో ఒక మాట చెప్పాడు: ఆటగాడికి నెట్ అవతల ఉన్నవాడి కంటే తన తలలో ఉన్నవాడే గట్టి ప్రత్యర్థి. ఆ ఆలోచనను బ్రిటన్‌లో జాన్ విట్మోర్ వంటివాళ్లు ఆఫీసుల్లోకి తెచ్చారు. ఈయన అంతకు ముందు కార్ల రేసర్. ఎక్కడికి వెళ్లాలి, ఇప్పుడు ఎక్కడున్నావు, ఏయే దార్లున్నాయి, వాటిలో ఏది పట్టుకుంటావు: ఈ నాలుగు ప్రశ్నలే ఇవాళ్టి కోచింగ్‌కు గుంజలు. పాఠం చెప్పరు, సలహా కూడా చాలా తక్కువ. అడిగి అడిగి మీ జవాబు మీ నోటనే రప్పిస్తారు. మా కోచింగ్ ఈ రకం.

మరి సైకోథెరపీ అంటే కౌన్సెలింగేనా?

ఇక్కడ ఇంకో చిక్కు. మన ఊళ్లో కౌన్సెలింగ్‌కు మూడు అర్థాలు. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) ర్యాంకు వచ్చాక వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడం ఒకటి. తాగి బండి నడిపినవాళ్లనీ, రౌడీషీటర్లనీ పోలీసులు కూర్చోబెట్టి మాట్లాడటం రెండోది. మూడోది మాది. "మా ఆయనకి కౌన్సెలింగ్ ఇవ్వండి" అని ఎవరైనా అంటే, ఆమె మనసులో ఉన్నది రెండో రకమా, మూడో రకమా అని ముందు కనుక్కుంటాను. చాలాసార్లు రెండోదే.

సైకోథెరపీ వైద్యం. మందు బదులు మాట, ఒక పద్ధతి, ఒక బంధం ఉంటాయి, అంతే తేడా. 1880ల్లో వియన్నాలో జోసెఫ్ బ్రాయర్ అనే డాక్టర్ దగ్గర చూపించుకున్న ఒక యువతి, లోపలున్నది చెప్పుకున్నకొద్దీ తన లక్షణాలు తగ్గుతున్నాయని గమనించి దానికి "మాటల వైద్యం" అని తనే పేరు పెట్టింది. బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి 1895లో ఆ కేసు అచ్చువేశారు. ఆ వైద్యంతో ఆమెకు పూర్తిగా నయం కాలేదు, తర్వాత శానిటోరియంలో ఉండాల్సి వచ్చింది. మా వృత్తి పుట్టుకలోనే ఆ వినయపాఠం ఉంది. 1960ల్లో ఆరన్ బెక్ అనే అమెరికా సైకియాట్రిస్ట్ ఆలోచనల్నీ నడవడికనూ నేరుగా పట్టుకునే పద్ధతి తయారుచేశాడు. ఇప్పుడు దాన్నే సీబీటీ అంటున్నాం. డిప్రెషన్, ఆందోళన, ఓసీడీ (వద్దన్నా వదలని ఆలోచనలు, చేసిందే మళ్లీ మళ్లీ చేయడం), నిద్రలేమి వంటి వాటికి ఈ వైద్యాలు పనిచేస్తాయని పరీక్షించి చూశారు.

గతం తవ్వితే థెరపీ, భవిష్యత్తు చూస్తే కోచింగ్ అని వీడియోల్లో చెబుతున్నారు. నిజమేనా?

చెప్పడానికి నోటికి బాగుంటుంది. కానీ నేను చేసే సీబీటీలో చాలా భాగం "ఈ మంగళవారం పొద్దున ఏం జరిగింది, శుక్రవారానికి ఏం చేసి చూద్దాం" అనే నడుస్తుంది. గతం ఊసు రాని సెషన్లు ఎన్నో. అటు కోచింగ్‌లో, ఒకాయన తన కింద పనిచేసేవాళ్లకు ఏ పనీ వదలలేకపోతుంటే, వాళ్ల నాన్న బట్టల కొట్లో గల్లా పెట్టె తాళం ఎవరికీ ఇచ్చేవాడు కాదన్న ముచ్చట రానే వస్తుంది. గతానికి అటూ ఇటూ పోలీసు కాపలా పెట్టలేం.

"జబ్బున్నవాళ్లకి థెరపీ, బాగున్నవాళ్లకి కోచింగ్" అనేది రెండో చిలకపలుకు. ఇందులో కాస్త నిజముంది. కానీ మనుషులు అలా రెండు బోగీలుగా విడిపోయి రారు. ఒకే మనిషి సోమవారం బాగుంటాడు, గురువారం బాగుండడు.

అలాగైతే తేడా ఎక్కడుంది?

నాకు తోచినంతలో, బాధ్యతలో ఉంది. ఒక ఉదాహరణ చెబుతాను.

ఇద్దరు బ్యాంకు ఉద్యోగినులు, ఇద్దరికీ కొత్తగా బ్రాంచి మేనేజరు ప్రమోషన్. ఇద్దరూ "మీటింగుల్లో మాట్లాడలేకపోతున్నాను, కోచింగ్ కావాలి" అనే వచ్చారు. మొదటామెకు మీటింగు నడపడం రాదు. ఎవరిని ముందు మాట్లాడించాలి, వయసులో పెద్దాయన అడ్డం తగిలితే "సార్" అంటూనే ఎలా ఆపాలి, తను చెప్పాల్సింది మూడు నిమిషాల్లో ఎలా చెప్పాలి, ఇవీ ఆమె ఇబ్బందులు. నాలుగు సెషన్లలో పని జరిగింది. నేను ఆమెకు అద్దం పట్టుకున్నానంతే, పని ఆమెదే, ఫలితమూ ఆమెదే.

రెండో ఆమెకు మీటింగు నడపడం బ్రహ్మాండంగా వచ్చు. కానీ మీటింగున్న రోజు తెల్లవారుజామునే వాంతులు. ఆటోలో గుండె దడ, వేళ్లు తిమ్మిర్లు. రెండుసార్లు బెంజి సర్కిల్ దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయింది. ఆమెకు "మీ లక్ష్యం ఏంటి, అడ్డంకి ఏంటి" అని నేను ప్రశ్నలేసుకుంటూ కూర్చుంటే అది అన్యాయం. అక్కడ జరుగుతున్నది ఏంటో గుర్తుపట్టాలి, గుండె, థైరాయిడ్ చూపించుకున్నారా అని అడగాలి, ఆ దడతో ఎలా కూర్చోవాలో మెట్టుమెట్టుగా నేర్పాలి. బాధ పెరుగుతోందా తగ్గుతోందా అన్నది కనిపెట్టి ఉండాల్సింది నేను. అది థెరపీ.

ఇద్దరూ అడిగింది ఒక్కటే. అడిగిన మాటను బట్టి వైద్యం చేస్తే మందుల షాపు వాడికీ నాకూ తేడా ఉండదు.

రెంటికీ ఉమ్మడిగా ఏమీ లేదా?

చాలా ఉంది. కోచ్‌లు అడిగే "ఒకటి నుంచి పది దాకా మార్కులేసుకుంటే ఇప్పుడు ఎక్కడున్నారు? ఒక్క మార్కు పెరగాలంటే ఏం మారాలి?" అనే ప్రశ్న థెరపీ గదిలోంచి వెళ్లినదే. అమెరికాలోని మిల్వాకీలో స్టీవ్ డి షేజర్, ఇన్సూ కిమ్ బెర్గ్ దంపతులు 1980ల్లో రూపుదిద్దిన పద్ధతిలో ఈ ప్రశ్నకు పెద్దపీట. ఎదుటివాడి మీద తీర్పు చెప్పకుండా వినాలన్నది కార్ల్ రోజర్స్ అనే అమెరికా సైకాలజిస్ట్ అంతకు ముందే నేర్పాడు. ఈ పని కుదరాలంటే ఏం ఉండాలో ఎడ్వర్డ్ బోర్డిన్ అనే ఇంకో సైకాలజిస్ట్ 1979లో మూడు ముక్కల్లో చెప్పాడు: ఎటు వెళ్లాలో ఇద్దరికీ ఒప్పుదల, ఏం చేయాలో ఒప్పుదల, ఇద్దరి మధ్య నమ్మకం. ఆయన చెప్పింది థెరపీ గురించే, కానీ కోచింగ్‌కూ అక్షరం మార్చక్కర్లేదు. వియ్యంకులే, పంపకాలు మాత్రం వేరు.

నాది ఏ రకమో నాకెలా తెలుస్తుంది?

తెలియకపోయినా ఫర్వాలేదు, కనిపెట్టాల్సిన పని మాది. ఇంట్లో ఓసారి చూసుకోవాలంటే నిద్ర, ఆకలి, పని, మనుషులు ఈ నాలుగూ చూసుకోండి. రెండు వారాలుగా ఇవి గాడి తప్పి ఉంటే, ఒకప్పుడు ఇష్టమైనవి చప్పబడిపోయి ఉంటే, ముందు థెరపిస్టునో డాక్టర్నో కలవండి. గాడిలోనే ఉండి, ముందుకు వెళ్లే దారి మాత్రమే తెలియకపోతే కోచింగ్ సరిపోతుంది.

నేను మొదటి రోజే అందరిచేతా తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి నింపిస్తాను. పీహెచ్‌క్యూ-9 అంటారు. గత రెండు వారాల గురించి అడుగుతుంది, ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి 3, మొత్తం 27. పది, ఆపైన వస్తే నేను కోచింగ్ మాటెత్తను. చివరి ప్రశ్న చనిపోవాలనే ఆలోచన గురించి. దానికి సున్నా కాక ఏది వచ్చినా, మొత్తం ఎంతైనా సరే, మిగతా పనులన్నీ పక్కనపెట్టి ముందు దాని గురించే మాట్లాడతాం.

ఈ కాగితం నాకు ఊరికే అలవాటు కాలేదు. కొత్తలో గుంటూరు నుంచి ఒక పెద్దాయన, మిర్చి కమిషన్ వ్యాపారం, కొడుకును వెంటబెట్టుకొచ్చారు. "అమ్మా, మావాడికి కాస్త బిజినెస్ కోచింగ్ ఇవ్వండి. యార్డుకి రమ్మంటే పడుకుంటాడు." కుర్రాడికి ఇరవై ఎనిమిదేళ్లు. మర్యాదస్తుడు, అన్నిటికీ "సరే మేడమ్". నేనూ ఉత్సాహంగా టైమ్‌టేబుల్ వేశాను: పొద్దున ఏడింటికి యార్డు, మధ్యాహ్నం కోల్డ్ స్టోరేజీ లెక్కలు, వారానికో లక్ష్యం. రెండోసారి ఏదీ చేయకుండా వచ్చాడు. లక్ష్యం తగ్గించాను. మూడోసారీ అంతే. ఆ రోజు లేచి వెళ్తూ బెల్టు సర్దుకుంటుంటే చూశాను. ఉన్న కన్నాలు చాలక, మేకుతో కొట్టిన కొత్త కన్నం ఒకటి, అంచులు చిరిగి ఉన్నాయి. "ఎంత తగ్గారు?" అని అడిగాను. "చూసుకోలేదు మేడమ్. మూడింటికే మెలకువ వచ్చేస్తుంది, ఇక తెల్లారేదాకా అంతే" అన్నాడు.

మూడు సెషన్లు. నేను లక్ష్యాలు పెట్టిన ప్రతిసారీ అతనికి "నేను దీనికీ పనికిరాను" అని రుజువు చేతికిచ్చినట్టయింది. సోమరితనం కాదు, డిప్రెషన్. గుంటూరులోనే సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపాను, మందులు మొదలయ్యాయి, థెరపీ నా దగ్గర సాగింది. ఏడెనిమిది నెలల తర్వాత ఒకరోజు అతనే అన్నాడు, "ఇప్పుడు ఆ టైమ్‌టేబుల్ ఇవ్వండి మేడమ్, అప్పుడు బాగానే వేశారు." నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

సైకియాట్రిస్ట్, సైకాలజిస్ట్, కౌన్సెలర్, కోచ్. ఎవరు ఎవరు?

సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ తర్వాత మనోవైద్యంలో పీజీ చేసిన డాక్టర్. మందులు రాసేది వీళ్లు. క్లినికల్ సైకాలజిస్ట్ పరీక్షలు చేస్తారు, థెరపీ చేస్తారు, మందులు రాయరు. వీళ్లకు 1992 చట్టం కింద ఏర్పడిన రీహాబిలిటేషన్ కౌన్సిల్, అంటే ఆర్‌సీఐలో రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ రిజిస్టరులో వాళ్లకిచ్చిన సీఆర్ఆర్ నంబరు అడగండి, మొహమాటపడకండి. నాలాంటి కౌన్సెలింగ్ సైకాలజిస్టులు, కౌన్సెలర్లు 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి వచ్చారు.

కోచ్ ఈ చట్టాల్లో ఎక్కడా లేడు.

అంటే ఎవరైనా కోచ్ అని బోర్డు పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. రేపు పొద్దున మా పెయింటర్ పెట్టుకున్నా అడిగేవాళ్లు లేరు. బహుశా అతను బాగానే చేస్తాడు, ప్రశ్నలు అడగడం వచ్చు.

కాస్త క్రమశిక్షణ ఉన్నది వృత్తి సంఘాల దగ్గరే. 1995లో అమెరికాలో మొదలైన ఐసీఎఫ్ అనే అంతర్జాతీయ సంఘం మూడు మెట్ల గుర్తింపు ఇస్తుంది. మొదటి మెట్టు ఏసీసీకి 60 గంటల శిక్షణ, 100 గంటల అనుభవం కావాలి. పీసీసీకి 125, 500. పై మెట్టు ఎంసీసీకి 200, 2,500. ఈ సంఘం నియమావళిలోనే, క్లయింటుకు వేరే సాయం అవసరమైతే అటు పంపాలని ఉంది. హోటల్ హాల్లో శని, ఆదివారాలు క్లాసు విని, సాయంత్రం ఫ్రేము కట్టిన సర్టిఫికెట్‌తో ఫోటో దిగి, సోమవారం నుంచి "సబ్‌కాన్షస్ రీప్రోగ్రామింగ్‌తో డిప్రెషన్‌కు శాశ్వత పరిష్కారం" అని ఫ్లెక్సీ వేసినవాళ్లకూ, ఐదారొందల గంటలు కూర్చున్నవాళ్లకూ ఒకటే పేరు కావడం ఈ రంగానికి పట్టిన తెగులు.

కోచ్‌ని ఎంచుకునేటప్పుడు నేనైతే ఒక్కటే అడుగుతాను: "మీరు ఈమధ్య ఎవర్నైనా 'ఇది నా పని కాదు, ఫలానా చోటికి వెళ్లండి' అని పంపించారా? ఎందుకు?" తడుముకోకుండా చెప్పగలిగితే మంచి కోచ్. "నా దగ్గర అన్నిటికీ టెక్నిక్ ఉంది" అంటే చెప్పులేసుకోండి.

మా బాబు లాంగ్ టర్మ్‌లో ఉన్నాడు. చదవడం లేదు. కాస్త మోటివేట్ చేస్తారా?

మే, జూన్ నెలల్లో ఎక్కువగా వినే మాట ఇదే. తల్లిదండ్రుల బాధ నాకు తెలుసు. ఎకరం అమ్మి కట్టిన ఫీజులూ చూశాను. అయినా పిల్లవాణ్ని చూడకుండా "మోటివేట్ చేస్తాను" అని చెప్పను.

చదవకపోవడానికి కారణాలు బోలెడు. చదివే పద్ధతి తెలియకపోవచ్చు. వారం టెస్టులో మార్కులు ఎక్కడ పోతున్నాయో చూసుకోకుండా పొద్దున ఆరు నుంచి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లో కూర్చుంటున్నాడేమో. ఇది కోచింగ్‌తో సర్దుకుంటుంది. తనకు అసలు మెడిసిన్ ఇష్టమే లేదేమో. అప్పుడు కోచింగ్ ముందు మీకు కావాలి, వాడికి కాదు. హాస్టల్లో ఎవరైనా ఏడిపిస్తున్నారేమో. ఔటింగ్ రోజున మీతో హోటల్లో కూర్చుని బిర్యానీ రెండు ముద్దలు తిని వదిలేస్తున్నాడేమో, అందరికంటే ఆఖర్న నిద్రపోయి అందరికంటే ముందు లేస్తున్నాడేమో. చేతుల మీద గీతలుంటే, "నేను లేకపోతే మీకు ఖర్చు తగ్గుతుంది" లాంటి మాట జోకుగా అన్నా సరే, అది మోటివేషన్ సమస్య కాదు. ఆ రోజే చూపించాలి. క్యాంపస్ మార్చడం, సెక్షన్ మార్చడం తర్వాత.

విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి మరణం మీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. వంద, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్నో పెట్టాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టకూడదు, నలుగురిలో పరువు తీయకూడదు. అంతకు ముందే 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ పదహారేళ్లు నిండనివాళ్లను కోచింగ్ సెంటర్లలో చేర్చుకోవద్దని చెప్పింది. చేర్పించే ముందు "మీ కౌన్సెలర్ ఎవరు, ఏం చదివారు, ఏ గదిలో కూర్చుంటారు?" అని అడగండి. గది అడగడం ముఖ్యం. ఒక కాలేజీలో నాకు చూపించిన కౌన్సెలింగ్ గది ప్రిన్సిపల్ గది లోపలే ఉంది, మధ్యలో అద్దం తలుపు. అక్కడ ఏ పిల్లాడు ఏం చెబుతాడు?

ఆ కౌన్సెలర్‌కి కూడా ఒక సంకటం. మేనేజ్‌మెంట్ ఆమెను అడిగేది మార్కులు పెంచే కోచింగ్. పిల్లలకు కావాల్సింది చాలాసార్లు థెరపీ. జీతమిచ్చేది ఒకరు, నమ్ముకున్నది ఇంకొకరు.

యూట్యూబ్‌లో మోటివేషన్ స్పీచ్‌లు వినిపిస్తే సరిపోదా?

బాగున్నవాడికి కాఫీలాంటిది, ఓ గంట పనిచేస్తుంది. బాగోలేనివాడు విని "ఇంత విన్నా కదలలేకపోతున్నాను" అని ఇంకాస్త కుంగుతాడు.

ఒకే మనిషి రెండూ చేయొచ్చా? మీరు చేస్తున్నారుగా?

చేస్తున్నాను. ఒకే మనిషికి ఒకే సమయంలో రెండూ చేయను. థెరపీకి వచ్చినవాళ్లు బాగుపడ్డాక కోచింగ్ కావాలంటే మధ్యలో కొన్నాళ్ల విరామం ఇచ్చి, కొత్త కాగితం రాసుకుని, "ఈ రోజు నుంచి నా పని మారుతోంది" అని చెప్పి మొదలుపెడతాను. వ్యాపారంలో తడబడితే "ఏం చేద్దాం?" అని గట్టిగా నిలదీసే చనువు కోచ్‌కు ఉంటుంది. థెరపిస్టుగా నిన్నటిదాకా వాళ్ల కన్నీళ్లు చూసినదాన్ని, ఆ గట్టితనం నాకు వెంటనే రాదు.

అటు నుంచి ఇటు, అంటే కోచింగ్ మధ్యలో థెరపీ అవసరం బయటపడితే, చాలావరకు వేరేవాళ్లకే అప్పగిస్తాను. గుంటూరు కుర్రాడి విషయంలో అలా చేయలేదు. వాళ్లు "ఇంకెవరి దగ్గరికీ వెళ్లం" అన్నారు. ఇవాళైతే ఇంకాస్త గట్టిగా చెప్పేదాన్నేమో.

మా కంపెనీ నాకు కోచ్‌ని పెట్టింది. నేను చెప్పినవి హెచ్ఆర్‌కి చేరతాయా?

మొదటి సెషన్ కంటే ముందే ఇది కాగితం మీద పెట్టించుకోండి. కంపెనీ డబ్బు కట్టే కోచింగ్‌లో మూడో మనిషి ఎప్పుడూ ఉంటాడు. మామూలుగా ఎన్ని సెషన్లు జరిగాయి, ఏ లక్ష్యాల మీద అన్నంత వరకే చెప్పాలని రాసుకుంటారు. మీ కోచ్ ఆ మాట తేల్చకుండా దాటేస్తుంటే ఇంటి గుట్టు విప్పకండి.

మానసిక వైద్యానికైతే 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను హక్కుగానే ఇచ్చింది. ప్రాణాపాయం ఉన్నప్పుడు, కోర్టు అడిగినప్పుడు వంటి మినహాయింపులున్నాయి. పద్దెనిమిది లోపు పిల్లల మీద లైంగిక దాడి సంగతి తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం ఎవరైనా సరే ఫిర్యాదు చేయాల్సిందే. థెరపిస్టూ చేయాలి, కోచ్ కూడా చేయాలి. ఇది నేను మొదటి రోజే చెబుతాను.

ఇన్సూరెన్స్ వస్తుందా?

మానసిక జబ్బులకు మిగతా జబ్బులతో సమానంగా బీమా ఉండాలని అదే చట్టం చెబుతోంది. ఆస్పత్రిలో చేరకుండా వచ్చిపోయే సెషన్లకు వస్తుందా అన్నది మీ పాలసీని బట్టి ఉంటుంది. కోచింగ్ వైద్యం కాదు కాబట్టి దానికి ఆశ పెట్టుకోకండి.

ఎన్నిసార్లు రావాలి?

కోచింగ్ ఆరు నుంచి పది సెషన్లు, రెండు మూడు వారాలకోసారి. డిప్రెషన్‌కు సీబీటీ మామూలుగా 12 నుంచి 20, మొదట్లో వారం వారం. పాత గాయాలైతే ఇంకా ఎక్కువ పట్టొచ్చు.

కోచింగ్ అని చెప్పి వస్తాను, థెరపీ అని రాయకండి. పెళ్లి సంబంధాలు చూస్తున్నారు.

బండి పక్క వీధిలో పెట్టి, కింద షాపులో ఒక దగ్గు మందు కొని, ఆ కవరు చేత్తో పట్టుకుని మెట్లెక్కేవాళ్లు నాకు తెలుసు. ఎవరైనా చూస్తే మందుకొచ్చామని చెప్పొచ్చని. అందుకే బోర్డు మీద రెండు మాటలూ ఉంచాను. మీరు ఇంట్లో ఏం చెప్పి వచ్చారన్నది మీ ఇష్టం.

లోపలికి వచ్చాక మాత్రం నా ఫైలులో చేసిన పనే రాస్తాను. థెరపీ చేసి కోచింగ్ అని రాస్తే మీకున్న గోప్యత హక్కు, మందులు అవసరమైతే డాక్టర్‌కు నేను రాసే ఉత్తరం, అన్నీ గాల్లో వేలాడతాయి. పైన చెప్పిన మినహాయింపులు తప్ప, ఆ ఫైలు మా బీరువా దాటి పోదు.

ఒక ముచ్చట. ఈ సిగ్గును సొమ్ము చేసుకునే కోచ్‌లూ ఉన్నారు. "మీకేం జబ్బు లేదండీ, మైండ్‌సెట్ అంతే" అంటే వినడానికి ఎంత హాయిగా ఉంటుందో! "వైజాగ్ పంపాలి", "ఎర్రగడ్డ కేసు" అని నవ్వుకునే మన నోళ్లు కూడా ఆ గిరాకీ పెంచినవే.

బుడమేరు వరద అప్పటి నుంచి వాన మొదలైతే నిద్ర పట్టడం లేదు. కోచింగ్ తీసుకుంటే ధైర్యం వస్తుందా?

సింగ్‌నగర్ వైపు నుంచి వచ్చినవాళ్లు ఒకరు కాదు ఇద్దరు కాదు ఇలా అడిగారు. 2024 సెప్టెంబరు ఒకటిన నీళ్లొచ్చాయి, రోజుల తరబడి తగ్గలేదు. ఒకామె చెప్పింది: ఇప్పటికీ రాత్రి చినుకు పడితే లేచి వెళ్లి మెట్లు చూస్తుంది, ఎన్ని మెట్లు కనిపిస్తున్నాయో లెక్కపెట్టుకుని వచ్చి పడుకుంటుంది. పదకొండు మెట్లూ కనిపించినా మళ్లీ గంటకు లేస్తుంది.

ఆమెకు ధైర్యం తక్కువ కాలేదు. ఆ నాలుగు రోజులూ అత్తగారిని, ఇద్దరు పిల్లల్ని మేడ మీద కాపాడుకున్నది ఆమే. ఒంటికి ఇంకా వరద తగ్గలేదు, అంతే. నెల దాటినా ఆ దృశ్యాలు, ఉలికిపాటు పోకపోతే దానికి ప్రత్యేకంగా థెరపీలున్నాయి. మనసుకు తగిలిన గాయం మీద పనిచేసే సీబీటీ, కళ్లు అటూ ఇటూ కదిలించమంటూ చేసే ఈఎండీఆర్ వంటివి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వీటిని సిఫారసు చేసింది. ఇక్కడ కోచింగ్ తప్పు మందు. "భయాన్ని జయించండి" అని గట్టిగా చప్పట్లు కొట్టించే క్యాంపులైతే అసలు వద్దు. ఆమె వచ్చేటప్పటికి నిద్ర మాత్రమే పోయింది, తర్వాత బడికి వెళ్లిన పిల్లలు వచ్చేదాకా గుమ్మంలో నిలబడటం మొదలైంది. ఎంత ముందొస్తే అంత సులువు.

దుర్గమ్మ కొండెక్కొస్తే నాకు మనసు కుదుటపడుతుంది. ఇవన్నీ అవసరమా?

కుదుటపడితే ఎక్కండి. నేనూ ఎక్కుతాను. కొండ దిగి ఇంటికొచ్చాక కూడా ఆ కుదురు నిలిస్తే నా అవసరం లేదు. కంపార్టుమెంటులో నిలబడ్డంత సేపే ఉండి, బ్యారేజీ దాటేలోపు పోతుంటే ఓసారి మాట్లాడదాం.

డబ్బు కట్టలేను. ఏం చేయాలి?

విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రుల్లో మనోవైద్య విభాగాలున్నాయి, ఓపీ చీటీతో చూపించుకోవచ్చు. రద్దీ ఎక్కువ, పొద్దున్నే వెళ్లండి. ఫోన్లో మాట్లాడాలంటే టెలీ మానస్, 14416. కేంద్రం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది, ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. అర్ధరాత్రి మనసు మరీ బాగోకపోతే నా వాట్సాప్‌కు మెసేజ్ పెట్టి ఎదురుచూడకండి. నేను నిద్రపోతుంటాను, వాళ్లు మెలకువగా ఉంటారు. ప్రాణాల మీదికి వస్తే 108, లేదా దగ్గర్లోని క్యాజువాలిటీ.

గుంటూరు నుంచి ప్రతిసారీ రావాలా?

అక్కర్లేదు. కోచింగ్ వీడియోలో బాగానే నడుస్తుంది. థెరపీకి మొదటి రెండుసార్లు రమ్మంటాను. వీడియోలో బెల్టు కనిపించదు.

మొదటిసారి వచ్చేటప్పుడు ఏం తెచ్చుకోవాలి?

వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు, పేర్లు గుర్తుండవు కాబట్టి స్ట్రిప్పులే తెండి. పాత రిపోర్టులుంటే అవి. మీ గురించి బాగా తెలిసినవాళ్లు ఒకరు వస్తే మంచిదే, కానీ మొదటి ఇరవై నిమిషాలు వాళ్లు బయట కూర్చోవాలి. కోచింగా థెరపీయా అన్నది ఇంట్లో తేల్చుకుని రానక్కర్లేదు. బండి మాత్రం మా మెట్ల ముందు పెట్టకండి, ల్యాబువాళ్లు గాలి తీసేస్తారు.